షిప్పు దిగి సర్వేయర్ అయ్యాక కాలిన ఇంజిన్ రూమ్‌లో నా మొదటి సొంత కేసు – నా అనుభవం

సెయిలింగ్ మానేసి సర్వేయర్ అయిపోదామనుకుంటున్నాం అన్నా, ఎలా ఉంటుంది, డబ్బులు బాగుంటాయా అని జూనియర్లు అడుగుతానే ఉంటారు. ఒక్కొక్కడికీ ఫోన్‌లో గంటసేపు చెప్పే ఓపిక లేక రాస్తున్నా. ప్రమాదం జరిగిన షిప్పు ఎక్కి ఏం జరిగిందో తేల్చే పని బయట నుంచి చూస్తే డిటెక్టివ్ ఉద్యోగంలా ఉంటుంది. 2020 అక్టోబర్‌లో వాయుగుండానికి ఆ బంగ్లాదేశ్ షిప్పు ఎంవీ మా వచ్చి తెన్నేటి పార్కు దగ్గర రాళ్ళ మీద కూర్చున్నప్పుడు వైజాగ్ అంతా సెల్ఫీలకి వెళ్ళింది కదా, మా బంధువులందరూ కూడా "ఇదేనటగా నీ పని, ఎవరి తప్పో చెప్పు చూద్దాం" అని నన్నే అడిగారు. అప్పటికి నేను ఇంకా ట్రైనీని. తప్పు ఎవరిదో చెప్పడం ఇందులో చిన్న ముక్క. మిగతాదంతా భయపడిపోయి ఉన్న మనుషులు చెప్పేదాన్ని అక్కడున్న ఇనుముతోనూ కాగితంతోనూ పోల్చి చూసుకోవడమే, అదీ ఆధారాలు మాయం కాకముందే.

లైసెన్సు సంగతి గబగబా చెప్పేస్తా. 2019లో చీఫ్ ఇంజినీర్‌గా చివరి కాంట్రాక్ట్ ముగించుకుని దిగాను. మన దేశంలో ఇన్సూరెన్స్ కంపెనీల తరఫున నష్టం అంచనా వెయ్యాలంటే బీమా రంగాన్ని నియంత్రించే ఐఆర్‌డీఏఐ ఇచ్చే సర్వేయర్ అండ్ లాస్ అసెసర్ లైసెన్సు ఉండాలి. ముందు ట్రైనీగా నమోదవ్వాలి, లైసెన్సు ఉన్న ఒక సీనియర్ కింద 12 నెలలు పనిచెయ్యాలి, మధ్యమధ్యలో చేసిన సర్వేల రిపోర్టులు పంపాలి, తర్వాత ఇన్సూరెన్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియా వాళ్ళ పరీక్ష. నాది ట్రైనింగ్ అయ్యేసరికి కరోనా, పరీక్షలు వెనక్కి పోయాయి, లైసెన్సు చేతికొచ్చేసరికి 2021 సగం గడిచిపోయింది. ఇక్కడ ఎవరూ ముందు చెప్పని విషయం ఏంటంటే ఈ రెండేళ్ళూ ఆదాయం అన్నది దాదాపు లేదు. సీనియర్ గారు ఇచ్చేది పెట్రోల్‌కీ టిఫిన్‌కీ సరిపోయేది, ఇల్లు మా ఆవిడ స్కూల్ జీతం మీద నడిచింది, డాలర్లలో జీతం తీసుకున్నవాడికి కూరగాయల డబ్బులు అడిగి తీసుకోవడం ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. కనీసం రెండేళ్ళ ఖర్చు చేతిలో లేకుండా దిగొద్దు.

ట్రైనింగ్ మాత్రం బంగారం. కాకినాడలో షిప్పులు లంగరేసి ఆగే యాంకరేజ్‌లో బార్జిల మీంచి బియ్యం బస్తాలు లోడ్ చేస్తారు కదా, తడిసిన బస్తా దొరికితే అది వాన నీళ్ళా సముద్రం నీళ్ళా అన్నదాని మీద క్లెయిమ్ అంతా తిరిగిపోతుంది. సిల్వర్ నైట్రేట్ రెండు చుక్కలు వేస్తే ఉప్పు నీరైతే పాలలా తెల్లగా విరుగుతుంది. మొదటిసారి చూసినప్పుడు ఇంటర్ కెమిస్ట్రీ లాబ్ గుర్తొచ్చింది. ఐరన్ ఓర్ ఫైన్స్ (పొడిలాంటి ఇనుప ఖనిజం) తేమ ఎక్కువైతే సరుకు గదిలో బురదలా మారి షిప్పుని ఒరిగించేస్తుంది, అందుకే క్యాన్ టెస్ట్ అని ఒకటి, డబ్బాలో సగం శాంపిల్ నింపి జానెడు ఎత్తు నించి గట్టి బల్ల మీద 25 సార్లు కొట్టి పైకి నీరు తేలుతుందేమో చూడాలి. ఇదేంటండీ ఇంత నాటుగా ఉంది అన్నాను. గురువుగారు నవ్వలేదు. 2009లో వర్షాల సీజన్‌లోనే జూలైలో మంగళూరు దగ్గర ఏషియన్ ఫారెస్ట్, సెప్టెంబర్‌లో పారాదీప్ దగ్గర బ్లాక్ రోజ్, రెండూ ఐరన్ ఓర్ ఫైన్స్ వేసుకుని బయల్దేరినవే, రెండూ మునిగాయి, ఈ డబ్బా నీకు నాటుగా కనిపిస్తుందా అన్నారు. ఆ రోజు నించి నోరు మూసుకుని కొట్టాను.

ఇక అసలు కేసు. 2024 ఆగస్టు, రాత్రి భోజనం చేస్తుంటే ఇన్సూరెన్స్ కంపెనీ నించి ఫోన్. ఇండియన్ ఫ్లాగ్ బల్క్ క్యారియర్, 2007లో కట్టింది, పారాదీప్ నించి తూత్తుకుడికి బొగ్గు. భీమిలి దాటాక ఇంజిన్ రూమ్‌లో మంటలు, ఆర్పడానికి సీఓటూ గ్యాస్ వదిలారు, షిప్పు బ్లాకౌట్ (కరెంటు మొత్తం పోయింది), టగ్ కట్టి వైజాగ్ యాంకరేజ్‌కి తెస్తున్నారు, మనుషులకేం కాలేదు. చివరి మాట విన్నాకే మిగతాది బుర్రకెక్కింది. అప్పటికే వాట్సాప్ గ్రూపుల్లో అందరూ బొగ్గే అంటుకుందని తేల్చేశారు, తర్వాత హోల్డుల (సరుకు గదుల) టెంపరేచర్లు చూస్తే అన్నీ నార్మలే, బొగ్గుకి దీనికి సంబంధమే లేదు.

రాత్రికి రాత్రే వెళ్ళిపోతామనుకుంటారు, కానీ వెళ్ళలేం. సీఓటూ వదిలిన ఇంజిన్ రూమ్‌ని తొందరపడి తెరిస్తే గాలి తగిలి మళ్ళీ రాజుకుంటుంది, అందుకే అన్ని దారులూ మూసేసి గోడల టెంపరేచర్ చూస్తూ కూర్చోవాలి. పైగా ఆగస్టు కెరటాలు. పోర్టు పాస్, షిప్పు ఎక్కడానికి కస్టమ్స్ అనుమతి, లాంచ్ (షిప్పు దాకా తీసుకెళ్ళే చిన్న బోటు) బుకింగ్ వీటికే మూడు రోజులు పోయాయి. లాంచ్ అద్దె ఎవరు కట్టాలన్నది తర్వాత తేలుతుంది, ముందు మన జేబులోంచే. ఆ నెల క్రెడిట్ కార్డు మీద లాంచ్‌లకీ టాక్సీలకీ కలిపి నలభై వేల పైనే అయింది. ఈ మూడు రోజులూ ఖాళీగా కూర్చోకుండా ఓనర్ ఆఫీసుకి మెయిల్ మీద మెయిల్ కొట్టాను: ఇంజిన్ లాగ్‌బుక్, ఆయిల్ రికార్డ్ బుక్, మెయింటెనెన్స్ రికార్డులు, స్పేర్స్ ఇండెంట్లు (విడిభాగాలు కావాలని షిప్పు నించి ఆఫీసుకి పంపే కాగితాలు), ఏదీ మార్చకుండా ఉంచండి, వీడీఆర్ సేవ్ చెయ్యండి అని.

వీడీఆర్ అంటే షిప్పుల బ్లాక్ బాక్స్. ఈ షిప్పులో ఉన్నది పాత రకం, 12 గంటల రికార్డే ఉంచుకుంటుంది, ఆ తర్వాత దాని మీదే కొత్తది రాసుకుంటూ పోతుంది. 2014 జూలై తర్వాత పెట్టే వాటిలో మెయిన్ క్యాప్సూల్‌లోనే 48 గంటలుంటుంది, ఆ అదృష్టం మాకు లేదు. ఎమర్జెన్సీ జెనరేటర్ శుభ్రంగా నడిచింది, వీడీఆర్‌కి కరెంటు అందుతూనే ఉంది, సేవ్ బటన్ నొక్కాలని ఎవరికో గుర్తొచ్చేసరికి మంటల టైమ్‌లో బ్రిడ్జి మీద మాట్లాడుకున్నదంతా చెరిగిపోయింది. కెప్టెన్ మీద కోపం వచ్చింది, నిజమే, కానీ కింద మంట, 20 మందికి పైగా ప్రాణాలు తన మీద ఉన్న మనిషి ఆ బటన్ ఎందుకు మర్చిపోయాడో నాకు అర్థం కాకపోతే నేను షిప్పుల్లో చేసినదంతా దండగ.

లాంచ్ ఔటర్ హార్బర్ దాటగానే ఎగరెయ్యడం మొదలుపెట్టింది. షిప్పు పక్కకి చేరాక పైలట్ ల్యాడర్ కెరటానికి పైకీ కిందకీ పోతుంటే లాంచ్ నడిపే సరంగు నన్ను కిందా పైనా చూసి "ఏటి సారూ, ఎక్కగలరా, తాడు కిందికి దించమంటారా బ్యాగుకి" అన్నాడు. ఐదేళ్ళు నేల మీద ఉంటే పొట్ట ఎక్కడికి పోతుంది. లాంచ్ కెరటం మీద పైకి లేచిన క్షణంలో నిచ్చెన పట్టుకోవాలి, కిందికి దిగేటప్పుడు పట్టుకుంటే మళ్ళీ లేచొచ్చి కాళ్ళు నలిపేస్తుంది. ఈ పనికి వచ్చేవాళ్ళు మోకాళ్ళ సంగతి ముందు చూసుకోండి, ఏ పరీక్షలోనూ ఇది అడగరు.

లోపలికి మేం దిగకముందే క్లాస్ (షిప్పు ప్రమాణాలకి తగ్గట్టు ఉందో లేదో చూసి సర్టిఫై చేసే సంస్థ) సర్వేయర్, షిప్పు వాళ్ళు బ్రీతింగ్ సెట్లతో ఒకసారి తిరిగొచ్చారు, ఆక్సిజన్ 20.9 చూపిస్తోంది అన్నారు. నా గ్యాస్ మీటర్ ఇంజిన్ రూమ్ పై అంతస్తు‌లో బాగానే ఉంది, కింద బిల్జ్ (అడుగున నీరూ ఆయిలూ చేరే చోటు) ప్లేట్ల దగ్గరకి వంగగానే కుయ్యో మంది. సీఓటూ గాలి కన్నా బరువు, మూలల్లో అలాగే కూర్చుని ఉంటుంది. ఎవరో కొలిచారు కదా అని దిగేవాళ్ళు ఈ ఫీల్డులో ఎక్కువకాలం ఉండరు, మీ మీటర్ మీరు కొనుక్కోండి.

కాలిన ఇంజిన్ రూమ్ వాసన బట్టలకి పట్టుకుంటే వదలదు, ఆ బాయిలర్ సూట్ మా ఆవిడ ఇంట్లోకి రానివ్వలేదు. టార్చి వెలుగులో మొత్తం నలుపు. మొదట తోచేది ఏంటంటే ఎక్కడ ఎక్కువ నల్లగా ఉంటే అక్కడే మొదలైందని. చాలాసార్లు ఉల్టా, బాగా వేడెక్కిన చోట మసి కూడా కాలిపోయి ఇనుము శుభ్రంగా తేలుతుంది. రెండో నంబర్ జెనరేటర్ టర్బోచార్జర్ వైపు అలాంటి తెల్లటి మచ్చ ఒకటి, దాని పక్క అల్యూమినియం కవర్ కరిగి కారిపోయింది, దాని పక్కనే ప్రెషర్ గేజ్ రాగి గొట్టం మాత్రం నిలబడే ఉంది. అల్యూమినియం 660 డిగ్రీల దగ్గర కరుగుతుంది, రాగి 1085 దగ్గర, అంటే అక్కడ వేడి ఈ రెండిటి మధ్యలో. ఇలా ఒక్కో వస్తువునీ అడుక్కుంటూ పోతే మంట ఎటునించి ఎటు పోయిందో చాక్‌పీస్‌తో గీసుకోవచ్చు. అన్నట్టు ఫోటోలు తీసేముందు షిప్పులో కనిపించిన ప్రతి గడియారాన్నీ నా ఫోన్ టైమ్ పక్కన పెట్టి ఫోటో తియ్యడం గురువుగారు నేర్పిన అలవాటు. బ్రిడ్జి గడియారానికీ ఇంజిన్ కంట్రోల్ రూమ్ అలారం ప్రింటర్‌కీ ఏడు నిమిషాల తేడా దొరికింది. ఆ తేడా పట్టుకోకపోతే, అలారం మోగిన ఏడు నిమిషాల దాకా ఎవరూ కదల్లేదు అని షిప్పు వాళ్ళ మీద ఎవరో ఒకరు రాసేసేవారే.

జెనరేటర్ పక్కన లో ప్రెషర్ ఫ్యూయల్ రిటర్న్ పైపు ఫ్లాంజ్ (బోల్టులతో బిగించే అతుకు) వదులై ఉంది, రెండు బోల్టుల్లో ఒకటి విరిగింది. ఎదురుగానే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్, అంటే వేడి పొగ బయటికి పోయే గొట్టం. ఆయిల్ చిమ్మే అవకాశమున్న చోట 220 డిగ్రీలు దాటే ఏ వేడి భాగమైనా ఇన్సులేషన్‌తో కప్పి ఉండాలన్నది షిప్పుల భద్రత మీద ఉన్న అంతర్జాతీయ ఒప్పందం సోలాస్ రూలు. ఇక్కడ మానిఫోల్డ్ మీద ఆ ఇన్సులేషన్, అంటే ల్యాగింగ్ ప్యాడ్, లేదు. కాలిపోయి రాలిందేమో అని కింద వెతికితే ముక్కలు లేవు, కట్టే వైర్లు లేవు. అలా తిరుగుతూ వర్క్‌షాప్ బెంచీ కింద చూస్తే రెండు ప్యాడ్‌లు, చక్కగా ఒకదాని మీద ఒకటి, చిరిగిన అంచులతో, మసి అంటకుండా. చాలాసేపు వాటినే చూస్తూ ఉండిపోయాను. దొరికిందన్న సంతోషం వస్తుందనుకున్నా, రాలేదు, కడుపులో ఏదో తిప్పినట్టయింది, ఎందుకంటే ఈ ప్యాడ్‌లు ఇక్కడ పెట్టింది ఎవరో నాకు తెలుసు, పేరు తెలీదు గానీ ఆ మనిషి తెలుసు, పోర్టులో నాలుగు గంటల టైమిచ్చి జెనరేటర్ ఓవర్‌హాల్ (మొత్తం విప్పి బాగుచేసి బిగించడం) ముగించమంటే రాత్రి రెండింటికి ముగించి, రేపు కడదాంలే అని పక్కన పెట్టినవాడు.

బోల్టు దగ్గర పెద్ద గొడవ. విరిగిన ముఖం మీద పొరలు పొరలుగా గీతలున్నాయి, ఇసుక మీద కెరటం వెనక్కెళ్ళాక మిగిలే గీతల్లా. ఒక్క దెబ్బకి విరిగితే ఇలా ఉండదు, వైబ్రేషన్‌కి రోజుల తరబడి కొంచెం కొంచెంగా విరిగిందన్నమాట. అది ఎవరి దగ్గర ఉండాలి? ఓనర్ తరఫున షిప్పు మరమ్మతులు చూసే సూపరింటెండెంట్ మాది అంటాడు, పీ అండ్ ఐ (ఇతరులకి జరిగే నష్టాలకి ఓనర్‌కి బీమా ఇచ్చే క్లబ్బు) తరఫున వచ్చినాయన మా లాబ్‌కి అంటాడు. చివరికి జిప్ బ్యాగులో వేసి దాని మీద అందరం సంతకాలు పెట్టి, అందరూ ఒప్పుకున్న లాబ్‌కే పంపాలని రాసుకున్నాం. ఆ ఒక్క కాగితానికి మధ్యాహ్నమంతా పట్టింది, లాబ్ రిపోర్టుకి నెలన్నర.

తర్వాత స్టేట్‌మెంట్లు. నాకన్నా ముందే ఎంఎండీ (కేంద్ర ప్రభుత్వ మర్కంటైల్ మెరైన్ డిపార్ట్‌మెంట్) ఆఫీసరు, క్లాస్, ఓనర్, పీ అండ్ ఐ అందరూ సెకండ్ ఇంజినీర్‌ని అవే ప్రశ్నలు అడిగేశారు. ఎంఎండీ వాళ్ళది మర్చంట్ షిప్పింగ్ చట్టం కింద ప్రాథమిక విచారణ, మళ్ళీ ఇలా జరక్కుండా ఏం చెయ్యాలో చూసే విచారణ వేరు, నాది డబ్బు లెక్క. ఈ తేడాలు ఆ అబ్బాయికి ఎవరూ చెప్పలేదు, అందరూ పోలీసుల్లాగే కనబడ్డారు. శ్రీకాకుళం వైపు అబ్బాయి, ముప్పై కూడా ఉండవు, నేను "ఏ ఊరు తమ్ముడూ" అనగానే కళ్ళలో నీళ్ళు పెట్టుకున్నాడు. వెంటనే పక్కనున్న లాయర్ ఇంగ్లీషులోనే మాట్లాడాలని అభ్యంతరం. న్యాయమే, మిగతావాళ్ళకి అర్థం కావాలి కదా. ఇంగ్లీషులోనే అడిగాను, రాసినదంతా చదివి వినిపించాను, ప్రతి పేజీ మీదా సంతకం.

మొదట అన్నీ సక్రమంగానే కట్టామన్నాడు. కంప్యూటర్‌లో కూడా ఓవర్‌హాల్ జాబ్ కంప్లీటెడ్ అనే ఉంది. బెంచీ కింద ఫోటో చూపించాను. చాలాసేపు మాట్లాడలేదు. "నిజం చెప్తే క్లెయిమ్ పోతుంది సార్, నా సర్టిఫికెట్ కూడా పోతుంది" అన్నాడు. సర్టిఫికెట్ సంగతి నా చేతిలో లేదు, అబద్ధపు ధైర్యం ఇవ్వలేదు. కానీ క్లెయిమ్ గురించి అతననుకున్నది తప్పు. షిప్పు బీమా పాలసీ షరతులైన ఇన్‌స్టిట్యూట్ టైమ్ క్లాజెస్‌లో అగ్నిప్రమాదం అన్నది నేరుగా కవరయ్యే ప్రమాదం, సిబ్బంది నిర్లక్ష్యం వల్ల అంటుకున్నా ఆ ఒక్క కారణానికే డబ్బు ఎగ్గొట్టడం కుదరదు. అసలు ప్రశ్న ఒడ్డున ఉంటుంది, ఓనర్‌కి తెలిసి తెలిసి షిప్పుని ప్రయాణానికి పనికిరాని స్థితిలో పంపాడా అని. ఇది చెప్పాక అతను తన లాప్‌టాప్ తెరిచి ఇండెంట్లు చూపించాడు. కొత్త ల్యాగింగ్ ప్యాడ్‌లు కావాలని ఏప్రిల్‌లో ఒకటి, జూన్‌లో ఇంకొకటి. రెండిట్లోనూ ఆ లైన్ ఎదురుగా ఆఫీసు నించి ఒకే మాట, నెక్స్ట్ డ్రై డాక్, అంటే షిప్పుని నీళ్ళలోంచి తీసి రిపేర్ చేసేదాకా ఆగమని.

ఆ ఇండెంట్లని నేను ఎటూ లాగకుండా ఉన్నదున్నట్టు రిపోర్టులో పెట్టాను, తేదీలతో సహా. దాని అర్థం ఏంటో తేల్చేది ఇన్సూరెన్స్ కంపెనీ, కావాలంటే కోర్టు. మన రిపోర్టు మీద వితౌట్ ప్రెజుడీస్ (ఎవరి హక్కులకీ భంగం లేకుండా) అని రాసేది అందుకే. రిపోర్టు వెళ్ళకముందే ఓనర్ ఆఫీసు నించి ఒకాయన ఫోన్ చేసి, "మీరు కూడా సెయిలింగ్ చేసినవారే కదా, ఆ రెండు పేజీలు అవసరమా" అని చాలా మర్యాదగా అడిగాడు. అవసరమేనండీ అన్నాను, అంతే, ఫోన్ పెట్టేశాక మాత్రం ఆ రాత్రి నిద్రపట్టలేదు, వైజాగ్ చిన్న ఊరు, రేపు ఇంకో కేసులో మళ్ళీ వీళ్ళే.

ఇంతవరకూ సినిమా. అసలు చాకిరీ తర్వాత మొదలైంది, డ్యామేజ్ లిస్టు. జనం ఇంజిన్ పోయిందనుకుంటారు గానీ ఇంజిన్ రూమ్ మంటల్లో ఖర్చంతా పైన వెళ్ళే కేబుళ్ళది. జెనరేటర్ బాగుచెయ్యడం ఒక ఎత్తు, దాని నెత్తిన ట్రేల్లో కాలిన కేబుళ్ళు ఏవి ఎక్కడికి వెళ్తాయో ఒక్కోటీ వెతికి కొత్తవి లాగడం ఇంకో ఎత్తు, వారాలు పట్టింది. దానికి తోడు ప్రతి వస్తువునీ మంట వల్లా, ఆర్పిన నీళ్ళ వల్లా, పొగ వల్లా అని విడగొట్టాలి, ఎందుకంటే యార్క్ ఆంట్వెర్ప్ రూల్స్ ప్రకారం మంట ఆర్పడంలో అయిన నష్టం జనరల్ యావరేజ్‌లోకి వెళ్ళి కార్గో ఓనర్ కూడా తన వాటా భరిస్తాడు (అందరినీ కాపాడటానికి చేసిన నష్టాన్ని అందరూ పంచుకోవాలన్న లెక్క అది), పొగ వల్లా మంట వేడి వల్లా అయింది మాత్రం అందులోకి రాదు. తడిసి, మసిబారి, సగం కాలిన ఒక స్విచ్‌బోర్డు ఏ ఖాతాలోకి వస్తుంది చెప్పండి? దాని మీదే రెండు మీటింగులు. రిపేర్ యార్డు బిల్లులో మంటకి ఆమడ దూరంలో ఉన్న మూడో జెనరేటర్ టర్బోచార్జర్ ఓవర్‌హాల్ కూడా చేర్చారు, పంపులకి కొత్త బేరింగులు చేర్చారు, ఎలాగూ ఆగి ఉంది కదా అని. ఒక్కో లైనూ పట్టుకుని కొట్టేస్తుంటే సూపరింటెండెంట్ నన్ను చూసే చూపు మారిపోయింది. నేనూ షిప్పులో ఉన్నప్పుడు సర్వేయర్లని అలాగే చూసేవాణ్ణి.

ప్రిలిమినరీ రిపోర్టు షిప్పు ఎక్కిన వారంలోనే ఇచ్చాను. ఫైనల్ మాత్రం లాబ్ రిపోర్టు, యార్డు బిల్లులు, ఓనర్ ఆఫీసు నించి రావాల్సిన కాగితాలు ఒకదాని వెనక ఒకటి ఆలస్యమై 2025 జనవరి చివరికి గానీ వెళ్ళలేదు. రూల్సులో ఉన్న గడువులు ఇలాంటి కేసులో ఎలా దాటిపోతాయో ప్రతి నెలా రాతపూర్వకంగా చెప్తూ ఉండాలి, లేకపోతే ఆలస్యం మన మెడకి చుట్టుకుంటుంది. క్లెయిమ్ ఎంతకి సెటిల్ అయిందో, ఆ ఇండెంట్లని ఎవరు ఎలా చూశారో నాకు ఎవరూ చెప్పలేదు, చెప్పరు కూడా. ఇది నాకు అన్నిటికన్నా కష్టంగా అనిపించింది. ఆ అబ్బాయి మాత్రం సంక్రాంతికి ఫోన్ చేశాడు, వేరే కంపెనీలో సెకండ్‌గానే వెళ్తున్నాడట.

ఫీజు మార్చిలో వచ్చింది, అదీ ఒకసారి బిల్లు తిరిగొచ్చాక, వాళ్ళ బ్రాంచి జీఎస్టీ నంబర్ కాకుండా హెడ్డాఫీసుది వేశానట. పది శాతం టీడీఎస్ పోగా పడింది. లాంచ్ ఖర్చుల్లో ఒక రసీదు తడిసి అంకెలు చెరిగిపోయింది, దాన్ని మాత్రం ఒప్పుకోలేదు. ఈ మధ్య కొత్త షూస్ కొన్నాను, పాతవాటికి ఆ ఇంజిన్ రూమ్ ఆయిల్ ఇంకా వదల్లేదు.